కొసరు అడగని ఊరు

బేరం ఆడకుండా డబ్బులిచ్చేవాణ్ణి చూసి భయపడమని మా నాన్న చెప్పేవాడు. నరసన్నపేట బజారులో మా కొట్టు గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి ఆయన నాకు నేర్పిన చదువు అదొక్కటే. మిగతా చదువు బళ్లో చెప్పారు గానీ ఇంతగా అక్కరకు రాలేదు.

ఆ చదువు నాకు బాగానే ఒంటబట్టింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పాట వచ్చా, కుట్లు వచ్చా అని అడుగుతుంటే, నేను తల వంచుకునే వాళ్ల కొట్టుకు ఎదురుగా ఇంకో కొట్టుందా అని అడిగాను. లేదన్నారు. ఊరు మొత్తానికి తమదొక్కటే కొట్టన్నారు. పెళ్లికొడుకు ముఖం సరిగ్గా చూడకుండానే ఒప్పేసుకున్నాను. అలా భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చేపల వేటగాళ్ల ఊరికి కోడలిగా వచ్చాను.

చేపలకు పట్టించే ఉప్పు, వలతాళ్లు, చింతపండు, బీడీలు, కర్పూరం, అన్నీ మా దగ్గరే. సరుకు కట్టేవరకూ ఒక బేరం, కట్టాక కొసరు కోసం ఇంకో బేరం. "ఏటి సావుకారమ్మా, ఈ ఏలెడు సింతపండుకి ఇంత డబ్బులా? ఇంకో రెబ్బ ఎయ్యి, నీ సేతులు అరిగిపోవు" అని ఆడవాళ్లు తిట్టేవాళ్లు. నేనూ తిట్టేదాన్ని. చివరికి ఒక రెబ్బ వేసేదాన్ని. ఆ రెబ్బ వెల ముందే ధరలో కలిపేసుంటానని వాళ్లకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఆ ఊళ్లో అదే పలకరింపు.

మధ్యాహ్నం పూట కొట్టుకు ఎవరూ రారు. ఉప్పు బస్తాల మధ్య కూర్చుని కథలు రాసేదాన్ని. వాటిలో ఒకటి ఒక ఆదివారం అనుబంధంలో అచ్చయింది. అందులో చేపలమ్ముకునే ఒకామె సర్పంచిగా నిలబడి, ఊరి మగవాళ్లందరినీ ఎదిరించి గెలుస్తుంది. రెండు మధ్యాహ్నాల్లో ఆమెను గెలిపించేశాను. నాకు ఒక కలం రీఫిల్ ఖర్చయింది.

రాష్ట్రం విడిపోవడానికి ముందు ఏడాది పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఊరి సీటు ఆడవాళ్లకు వచ్చింది. అమ్మవారి గుడి ముందు ఇసుకలో పెద్దలు కూర్చున్నారు. మా ఊళ్లో ఆ కూటంలో ఆడవాళ్లు కూర్చోరు, బోర్లించిన పడవల వెనక నిలబడి వింటారు. ఆడవాళ్ల సీటు ఎవరికివ్వాలో తేల్చింది కూడా ఆడవాళ్లు అలాగే విన్నారు. ఒక బీడీ కాలేలోపు తేలిపోయింది. ఊరంతా పెద్దమావ అని పిలిచే పెద్దమనిషి కోడలు ఏకగ్రీవంగా సర్పంచి. ఆ పిల్ల మా కొట్టుకొస్తే కావలసింది వేలితో చూపిస్తుందే తప్ప నోరు విప్పదు. "సంతకం ఎట్టడం వచ్చు, సాల్లే" అన్నాడట ఎవరో. అందరూ నవ్వారట.

ఆ సంతకంతో పని ఉంది. ఊరికి ఉత్తరాన ఒక ఇసుకదిబ్బ ఉంది. మొగుడు లేనివాళ్లు, పడవలో వాటా లేనివాళ్లు, ముసలమ్మలు, అందరూ చేపలు ఎండబెట్టుకునేది దాని మీదే. రొయ్యపిల్లల హేచరీ పెట్టడానికి ఎవరో ఆ దిబ్బ అడిగారు. పంచాయతీ తీర్మానం కావాలి. పెద్దమావ మాట ఇచ్చేశాడు. దిబ్బ పోతే ఆ ఆడవాళ్లు తడిచేపను ఏ ధరకైనా ఆ పూటే వదిలించుకోవాలి. ఎండినదయితే ధర వచ్చేదాకా ఆగుతుంది. తడిది ఆగదు.

ఆ మర్నాడు ఒకావిడ బుట్ట దించి మా అరుగు మీద కూర్చుంది. ఇక్కడివాళ్లు అక్కను పిలిచినట్టు ఆమెను నేను అప్పా అని పిలుస్తాను. మొగుడు సముద్రంలో పోయి చాలా ఏళ్లయింది. ఒక కూతురు. ఆ దిబ్బ మీదే ఆ పిల్లను పెంచింది.

"సావుకారమ్మా, నీ కత మా గుంట సదివి ఇనిపించింది."

"ఎలా ఉందప్పా?" అన్నాను. కల్లుప్పు తూస్తున్న చెయ్యి ఆగిపోయింది. రాసేవాళ్ల కక్కుర్తి అలాంటిది.

"బాగానే ఉన్నాది. గెలిసినాక ఆవిడేటి సేసింది?"

"గెలిచింది కదప్పా, అక్కడితో కథ అయిపోయింది."

"అదేటి, గెలిస్తే అయిపోతాదేటి? ఆవిడ మర్నాడు లెగిసి ఒడ్డుకి ఎల్లదా? ఈదిలో నడవదా?" అని కాసేపు నా ముఖం చూసింది. "సర్లే. నాను నిలబడతాను. నన్ను పెతిపాదిస్తానని సంతకం ఎడతావా? మావోళ్లు ఎవులూ ఎట్టరు."

వెంటనే బేరానికి దిగాను. అలవాటు. "అప్పా, వార్డు మెంబరుగా నిలబడు. చిన్నగా మొదలెట్టు. దిబ్బ సంగతి మెంబరుగా కూడా అడగొచ్చు."

"ఒంకాయలు బేరమాడినట్టు నన్ను ఆడకు."

"పోనీ ఉపసర్పంచి. పెద్దమావతో నేను మాట్లాడతాను."

"ఒసే, కతలో ఆవిడ్ని నిలబెట్టినప్పుడు ఇంత బేరం ఆడినావేటి? ఆవిడికి ఊరికే ఎట్టేసినావు. నాకు మాత్రం కొసరు కూడా ఇవ్వవా?"

సంతకం పెట్టాను. సాయంత్రం మా ఆయనకు చెబితే చాలాసేపు తక్కెడ తుడుస్తూ కూర్చున్నాడు. "ఎదురుగా ఇంకో కొట్టు లేదనే కదా ఈ ఊరొచ్చావు. ఇప్పుడు నువ్వే పెట్టించేస్తావేటి?" అన్నాడు.

నామినేషన్ వేసిన మర్నాడు కొట్టు తెరిచాను. రోజూ వచ్చేవాళ్లందరూ వచ్చారు. నేను చెప్పిన ధర అరుగు మీద పెట్టి, సరుకు తీసుకుని వెళ్లిపోయారు. పొద్దున్నుంచీ ఒక్క బేరం లేదు, ఒక్క తిట్టు లేదు. సంతకం పెట్టిన మనిషినని గౌరవం కాబోలు అనుకున్నాను. రచయిత్రి అంటే ఏమిటో ఊరికి ఇన్నాళ్లకు తెలిసొచ్చిందనుకున్నాను. ఇంకా సిగ్గులేని సంగతి, మధ్యాహ్నానికి చింతపండు ధర కొంచెం పెంచాను కూడా.

సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చింది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ చింతపండు కొసరు కోసం నాతో పోట్లాడుతున్న మనిషి. డబ్బులు పెట్టింది. పొట్లం కట్టి, ఆమె అడగకపోయినా పెద్ద రెబ్బ తీసి చాచాను. ఆమె నా చేతిలోని రెబ్బ వైపు చూసింది. తీసుకోకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ రెబ్బ అలా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మా నాన్న మాట గుర్తొచ్చింది.

"మనతోనూ ఆవిడతోనూ మాటాడొద్దన్నారట" అని మా ఆయన ఎక్కడో విని వచ్చి చెప్పాడు. "కొనొద్దని మాత్రం అనలేదు. ఉప్పు ఇంకెక్కడ దొరుకుతుంది మరి?"

మాకు ఉప్పయినా ఉంది. అప్పకు అదీ లేదు. వేట నిషేధం ముగిసి పడవలు కొత్తగా వెళ్లొస్తున్న రోజులవి. ఒడ్డున చేపల కుప్పలు వేసి వేలంపాట పాడతారు. అప్ప ధర పలికితే పాటగాడి చెవి పక్కనుంచి గాలి పోయినట్టు ఉండేది. అంతకంటే తక్కువ పలికిన గొంతుకే కుప్ప కొట్టేసేవాడు. ఆమె మళ్లీ పలికేది, మరికాస్త ఎక్కువగా. అతను సముద్రం వైపు చూస్తూ తర్వాతి కుప్ప దగ్గరికి నడిచేవాడు. ఎవరూ ఆమెను తొయ్యలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె పక్క ఊరి ఒడ్డుకు నడిచి వెళ్లి కొనుక్కునేది. ఆటోవాళ్లు కూడా ఆపేవాళ్లు కాదు.

నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు ముందురోజు పెద్దమావ దగ్గరికి వెళ్లాను. ఎంత మొండి ఆసామి అయినా ఎక్కడో ఒకచోట దిగుతాడని నా నమ్మకం. ఆయన గుడి నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి పీట వేయించాడు, టీ తెప్పించాడు.

"అప్ప తప్పుకుంటుంది మావా. దిబ్బ మాత్రం వదిలెయ్యండి" అన్నాను. అప్ప అలా అనలేదు. బేరం మొదలెట్టడానికి ఏదో ఒక అంకె పలకాలి కదా.

"నిజమేనమ్మా" అన్నాడు.

"పోనీ సగం దిబ్బ."

"నిజమే. నీ మాటా నిజమే."

"మరి ఆవిడతో మాట్లాడొద్దని చెప్పడం..."

"ఎవులు సెప్పినారమ్మా? ఎవులి నోరు ఆలిది. టీ సల్లారిపోతన్నాది, తాగు."

వల దారం పళ్లతో కొరికి, ముడి బిగించి చూసుకున్నాడు. ఆయన ఏ ధరా పలకలేదు, నేను పలికినదేదీ కాదనలేదు. తక్కెడలో ఒకవైపే వేస్తే తూకం ఎలా తేలుతుంది? టీ తాగి వచ్చేశాను.

అప్ప తప్పుకోలేదు. ప్రచారమని ఏదీ జరగలేదు. ఆమె వీధి వెంట నడుస్తుంటే తలుపులు చప్పుడు కాకుండా మూసుకునేవి. పోలింగ్ రోజు బడి ముందు ఆడవాళ్లు పొడుగాటి వరసలో నిలబడ్డారు. వరసలో ఒక్క గొంతు లేదు. సాయంత్రం లెక్కపెట్టి, అప్ప గెలిచిందని అధికారి చదివినప్పుడు కూడా లేదు. డప్పు మోగలేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. చెప్పులు వేసుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఒక్క అప్ప కూతురే ఏడ్చింది.

నోరు మూయించారు గానీ చెయ్యి పట్టుకోలేకపోయారని నేను పొంగిపోయాను. విజయనగరంలో ఒక సాహిత్య సభవాళ్లు ఇద్దరినీ పిలిచారు. కథలో రాసింది నిజమైంది కదా, వాళ్లకు అంతకంటే ఏం కావాలి? శాలువాలు కప్పారు. రాజకీయాల్లోనూ రచనల్లోనూ స్త్రీల శకం వచ్చేసిందని అధ్యక్షులవారు చాలాసేపు చెప్పారు. వేదిక మీద మేమిద్దరం తప్ప అందరూ మగవాళ్లే. అప్పను మాట్లాడమంటే మైకు దగ్గరికెళ్లి, "ఇక్కడ అందరూ నాతో మాటాడతన్నారు. సంతోసం" అని వచ్చి కూర్చుంది. చప్పట్లు గట్టిగా కొట్టారు. వాళ్లకు అందులో ఏం వినబడిందో నాకు తెలియదు.

మేం తిరిగొచ్చిన మర్నాడు పెద్దమావ స్వయంగా మా కొట్టుకు వచ్చాడు. ఎన్నికల తర్వాత మా మెట్లెక్కి నోరు విప్పిన మొదటి మనిషి ఆయనే.

"కప్పురం ఎంతున్నాది?"

"జాతరేమైనా చేస్తున్నారా మావా?"

"పెమానాలు ఉన్నాయమ్మా. శుక్రారం. ఊళ్లో ఆడోళ్లందరిసేతా సేయిత్తన్నాం. అమ్మోరి ముందర కప్పురం ఆర్పి, ఆవిడికి ఓటెయ్యలేదని సెప్పాల. ఊరి మాట దాటినోళ్లు ఎవులో తెలియాల కదా."

"అయిపోయింది మావా, కర్పూరం లేదు" అన్నాను. ఇన్నేళ్లు కొట్టులో కూర్చున్నదాన్ని, అంత నాసిరకం అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. కర్పూరం డబ్బా నా తల వెనకే ఉంది. ఆయన దాని వైపు ఒకసారి చూసి చిన్నగా నవ్వాడు. "ఉన్నాదిలే. లేకపోతే ఇజీనారంలో దొరుకుతాది. నువ్వు రానక్కర్లేదమ్మా, నువ్వెవులికి ఏసినావో లోకానికి తెలుసు." డబ్బా తీయించాడు. నేను చెప్పిన ధరంతా ఇచ్చి వెళ్లాడు.

బయటివాళ్లకు అది ఒక ముద్ద కర్పూరం. ఆ ఊరి ఆడదానికి కాదు. అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి అబద్ధం చెబితే, వేటకెళ్లిన తన మనిషి తిరిగిరాడు. ఎవరూ ఈ మాట నేర్పక్కర్లేదు, పాలతోపాటు తాగేస్తారు. ఒప్పుకుంటే ఇంట్లోంచి గెంటేస్తారు. ఒప్పుకోకపోతే సముద్రం చూసుకుంటుంది.

పరుగున వెళ్లి అప్పకు చెప్పాను. "పోలీసులకు చెబుదాం. ఓటు సంగతి అడగడం నేరం" అన్నాను.

"సెప్పు. జీపొస్తాది. ఆ పూటకి ఆపుతారు. జీపు ఎల్లినాక?" అంది. "ఇప్పుడు ఆపితే ఇంటింటికీ ఎల్లి అడుగుతారు. పెమానం సేయనన్నది దొరికిపోద్ది. అందరూ సెయ్యాల్సిందే." కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "పాపం నా నెత్తినేసుకుంటానని సెప్పొస్తాను."

"నీతో ఎవరు మాట్లాడతారు?"

"నాను మాటాడతాను కదా."

కుళాయి దగ్గర ఆడవాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు. అప్ప అక్కడ నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, బిందెలతో మాట్లాడినట్టు మాట్లాడింది. "అమ్మోరికి మన మనసులు తెలుసు. ఎవులన్నా అబద్దం ఆడితే ఆ పాపం ఆలది కాదు, నాది. నాకు సంద్రంలో ఎవులూ లేరు. తీసుకుపోడానికి ఇంకేటీ లేదు. నా పేరు సెప్పి ఆర్పేయండి." ఎవరూ తల ఎత్తలేదు. ఒకామె బిందె నిండి పొర్లిపోతోంది. పట్టుకున్నామె అది చూసుకోవడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రమాణాలు జరిగాయి. పిలవకపోయినా వెళ్లి దూరంగా నిలబడ్డాను. నేనమ్మిన కర్పూరమే పళ్లెంలో వెలుగుతోంది. ఓడిన అభ్యర్థి, పెద్దమావ కోడలు, అందరికంటే ముందు వచ్చింది. ఆమె తనకు తాను ఓటు వేసుకోలేదని ఎవరనుకుంటారు? మిగతావాళ్లకు దారి చూపించడానికే ఆమెను ముందు పిలిచారు. నోట్లోనే ఏదో అని, అరచేత్తో మంట అదిమింది. తర్వాత ఒకరి వెనక ఒకరు. "ఆవిడికి ఎయ్యలేదమ్మా." మంట ఆరడం, పెద్దమావ మళ్లీ వెలిగించడం. ఊళ్లో ఒక్క ఆడమనిషి కూడా వేశానని అనలేదు. కాలిన అరచేతులు కొంగుల్లో దాచుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

మరి ఆ ఓట్లు ఎవరివి? పెద్దమావకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన పళ్లెంలోని మసి తుడుచుకుంటూ, "రేపు ఏటకి పడవలు ఏస్తాం" అన్నాడు. "గాలి ఉన్నాది గానీ, ఏస్తాం."

ఆ మాటలో ఉన్నది నాకు అర్థం కాలేదు. అప్పకు అర్థమైంది.

మా ఊళ్లో పడవలు దిగేటప్పుడు ఆడవాళ్లు ఒడ్డుకు రారు, అశుభం అంటారు. తిరిగొచ్చే వేళకే బుట్టలు పట్టుకుని వస్తారు. "అబద్దం ఆడినామె రేపు ఇంట్లో కూకోగలదేటి?" అంది అప్ప. "ఆల మనిసి ఎల్తంటే సూడకుండా ఉండలేదు. పెద్దమావ పెమానం కోసం పిలవలేదే. రేపొద్దున్న ఒడ్డున ఎవులు నిలబడతారో సూడ్డానికి పిలిసినాడు."

తెల్లవారగానే వీధిలో ఆమె గొంతు వినబడింది. సర్పంచిగా ఆమె వేసిన మొదటి ఆర్డరు అది. "ఇంటికో మనిసి సీపురు పట్టుకుని రండర్రా! దిబ్బా ఒడ్డూ ఊడవాలి! సర్పంచిని సెప్తన్నాను!" నేనూ చీపురు పట్టుకుని వెళ్లాను. ఒడ్డున మేమిద్దరమే, అటు బోర్లించిన పడవ పక్కన పెద్దమావ. ఆయన సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి కూర్చున్నాడు. పడవలు అప్పటికే అలలు దాటుతున్నాయి. గాలి ఎక్కువగానే ఉంది.

మొదట ఆ చింతపండు ముసలమ్మ వచ్చింది. తర్వాత ఇద్దరు. ఆ తర్వాత గుంపులుగా వచ్చారు, చేతుల్లో చీపుళ్లతో. వాళ్లలో అప్పకు ఓటు వేసినవాళ్లు ఉన్నారు, వెయ్యనివాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో నాకు తెలియలేదు, ఆయనకూ తెలిసి ఉండదు. అందరూ వంగి ఇసుక ఊడుస్తున్నారు. వంగినవాళ్ల కళ్లు ఎటు చూస్తున్నాయో ఎలా కనిపెట్టడం? పెద్దమావ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోతున్నాడు. ఆయన దవడ బిగుసుకోవడం చూశాను. గట్టెక్కామనుకున్నాను.

అప్పుడు ఆయన ఇంటి వైపునుంచి ఒక మనిషి వచ్చింది. చేతిలో చీపురు లేదు. జుట్టు ముడి వేసుకోలేదు. మమ్మల్ని చూడలేదు, మామగారిని కూడా చూడలేదు. ఊడుస్తున్న ఆడవాళ్ల మధ్యనుంచి నేరుగా నడిచి, మోకాళ్ల దాకా నీళ్లలో దిగి ఆగింది. కాలిన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, తన మొగుడి పడవ ఏదో వెతుక్కుంటోంది.

చీపుళ్లన్నీ ఆగిపోయాయి. తనకు పోటీగా నిలబడిన మనిషికి ఆ పిల్ల ఓటు వేసిందని మాకు అందరికీ ఒక్కసారే తెలిసింది. మాతోపాటే ఆయనకూ తెలిసింది.

పెద్దమావ మెల్లగా లేచాడు. పంచె దులుపుకున్నాడు. "కోడలా, అల కొడతన్నాది. ఇంటికి నడు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నాకు టీ ఇచ్చినప్పటి గొంతే.

ఆమె కదల్లేదు. అప్ప చీపురు కింద పడేసి నీళ్లలోకి దిగి ఆమె పక్కన నిలబడింది. పెద్దమావ తొందరపడలేదు. తడి ఇసుక అంచున నిలబడి, ఆమె ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావలసిందే కదా అన్నట్టు చూస్తూ ఉన్నాడు.